నలుపు శాతం

బెవర గురువులు నడుపుతున్న పొద్దుటి తొలి బస్సు నక్కలగెడ్డ కల్వర్టు దగ్గర రోడ్డు విడిచి గెడ్డలోకి దిగిపోయిన రోజున ఎవరూ చనిపోలేదు. ఆ పూట గెడ్డలో నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. నాట్లకు పోతున్న కూలీలు నారు కట్టలు గట్టున పడేసి వచ్చి, అందరినీ కిటికీల్లోంచి బయటికి తీశారు. అడ్డం వచ్చిన మేక కూడా క్షేమమే. అది గట్టెక్కి, బస్సు వైపు కాసేపు చూసి, తన దారిన తాను పోయింది. ముందు సీట్లో కూర్చున్న ఎండుచేపల కూర్మమ్మకు మాత్రం ఎడమ చెయ్యి విరిగింది.

ఇంత తక్కువ నష్టం రవాణా సంస్థను బాగా ఇబ్బంది పెట్టింది. డ్రైవరు పోతే నింపడానికి సంస్థ దగ్గర ఒక ఫారం ఉంది. తప్పు డ్రైవరుదైతే నింపడానికి ఇంకో ఫారం ఉంది. డ్రైవరు బతికి ఉండి, పైగా తప్పు మేకదని తేలితే ఏం చెయ్యాలో ఏ నియమావళిలోనూ లేదు. బొండపాలెం డిపో మేనేజరు సోమయాజులు గారు మూడు రోజులు ఆలోచించి, వేరే దారి తోచక, గురువులును మామూలుగా డ్యూటీకి రమ్మనాలని తీర్మానించుకున్నారు. ఆ మధ్యాహ్నమే సర్క్యులరు వచ్చింది.

దాని పుట్టుక ఇది. వెనకటి నెలలో సంస్థ పెద్దాయన ఏదో కొండ మీద జరిగిన మూడు రోజుల సదస్సుకు వెళ్లారు. అక్కడ ఆయన చేత మట్టితో ఏనుగును చేయించారు. తొండం అతికిస్తుండగా చిన్నప్పుడు తండ్రి వేసిన లెంపకాయ గుర్తొచ్చి ఆయన భోరుమన్నారట. ఏడ్చి లేచేసరికి పదేళ్ల నడుం నొప్పి మాయమైందట. తనకు జరిగిన మేలు అందరికీ జరగాలనుకునే మనిషి కాబట్టి కొండ దిగీ దిగకుండానే ఉత్తర్వు రాయించారు.

‘ప్రమాదానుభవము గల సిబ్బంది యావన్మందియు సృజనాత్మక కళల ద్వారా సంపూర్ణ స్వస్థత పొందినట్లు ధ్రువీకరింపబడు పర్యంతము స్టీరింగును స్పృశించరాదు. సదరు స్వస్థత పన్నెండు చిత్రములలో సిద్ధించవలెను.’

గురువులు రిటైరు కావడానికి అప్పటికి అయిదు నెలలుంది.

నిజం చెప్పాలంటే, గురువులుకు నయం కావలసిన దెబ్బ ఒకటి తగిలింది. ఒంటి మీద గీత లేదు గాని, మంచం మీద కూర్చుని ఉండగా ఉన్నట్టుండి కుడికాలు నేలను గట్టిగా అదిమేది. కళ్ల ముందు కల్వర్టు కనపడేది, ముందు సీట్లోంచి కూర్మమ్మ ఎగిరిపడేది. కాలు ఎంత తొక్కినా బండి ఆగేది కాదు.

“ఏటది మావా, బండి నేని కాడ బ్రేకేస్తన్నావు?” అంది భార్య సన్యాసమ్మ.

“నానెయ్యటం నేదే. కాలే ఏస్తంది.”

దానికి మందేమిటో అతనికి తెలుసు. అతని తండ్రి అరక దున్నే మనిషి. ఎద్దు తూలిపడితే, అదే గట్టు మీంచి ఆ రోజే దాన్ని మళ్లీ నడిపించేవాడు. ఆలస్యం చేస్తే ఆ గట్టు ఎద్దు బుర్రలో కొండై కూర్చుంటుందనేవాడు. గురువులుకు కావలసింది కూడా అంతే. ఒక్కసారి స్టీరింగు పట్టుకుని నక్కలగెడ్డ దాటాలి. రిటైరయ్యేలోగా దాటాలి. దాటకుండా ఇంట్లో కూర్చుంటే, మిగిలిన బతుకంతా మంచం మీంచి ఆ గెడ్డలోకే దిగుతూ ఉండాలి.

మేనేజరు గారి దగ్గరకు వెళ్లి అదే అడిగాడు. “ఒక్కపాలి ఖాళీ బండి ఇప్పించండి బాబూ. గెడ్డ దాటి ఎల్లొచ్చేస్తాను.”

“బాగుందయ్యా. నయమైతేనే కదా స్టీరింగు ఇవ్వడం?”

“స్టీరింగు ఇత్తేనే కద బాబూ నయమవడం.”

సోమయాజులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. “నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లూ సబబే గురువులూ. కాని సర్క్యులరులో ఉన్నది నువ్వు చెప్పింది కాదు,” అన్నారు.

*

డ్రైవర్లు నడుం వాల్చే గదిలోంచి మంచాలు తీసేసి స్వస్థతా కేంద్రం పెట్టారు. దానికి ప్రాంతీయ సృజన స్వస్థతాధికారిగా విద్యానాథం గారు వచ్చారు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఆయన టైంటేబుళ్ల విభాగంలో పనిచేశారు. స్వస్థతలో మూడు రోజుల శిక్షణ పొందారు. బస్సు ఎంత ఆలస్యమైందో నిమిషాల్లో చెప్పగలిగినప్పుడు, మనసు ఎంత చెడిందో అంకెల్లో చెప్పలేకపోవడమేమిటని ఆయన వాదన. అందుకోసం వంద గళ్లు గీసిన పలచటి ప్లాస్టిక్ కాగితం ఒకటి తయారు చేసుకున్నారు. దాన్ని బొమ్మ మీద పరిచి, నల్లగా ఉన్న గళ్లు లెక్కపెడతారు. నలుపంటే దుఃఖం. మొదటి చిత్రంలో అది ఎంతైనా ఉండవచ్చు. అక్కడి నుంచి క్రమేణా తగ్గుతూ పన్నెండో చిత్రానికి సున్నా కావాలి.

“నీ అంతరంగమునందు గూడుకట్టుకొనియున్న దానిని నిస్సంకోచముగా వెలికి తీయుము,” అన్నారాయన, కుంచె అందిస్తూ.

ముప్పై ఒక్క ఏళ్లుగా గురువులు అంతరంగంలో గూడుకట్టుకుని ఉన్నది బస్సే. బస్సునే వేశాడు. నంబరు వేశాడు, సగం విరిగిన ఎడమ వైపరు వేశాడు, ఆరు టైర్లూ వేశాడు. విద్యానాథం గారు గళ్ల కాగితం పరిచి, “పంతొమ్మిది శాతం,” అని రాసుకున్నారు.

రెండో బొమ్మ వేసేటప్పుడు స్టెప్నీ మరిచిపోయానని గుర్తొచ్చి అదీ వేశాడు. ఇరవై నాలుగు. మూడోదానికి, ఆ బండి ఇంజను పరిస్థితి దాచడం న్యాయం కాదనిపించి, వెనక పొగ కూడా వేశాడు. ముప్పై మూడు.

“గురువులూ, నీ దుఃఖము పెరుగుచున్నది.”

“దుక్కం కాదు బాబూ. టైర్లు.”

“టైర్లను నల్లగా చూచుచున్నది ఎవరు?”

“నానే బాబూ.”

“అదీ సంగతి,” అన్నారు విద్యానాథం గారు. “స్వస్థత పొందిన మనస్సుకు టైరు నల్లగా ఉండనవసరము లేదు.”

నాలుగోసారి గురువులు టైర్లు లేకుండా బస్సు వేశాడు. ‘చక్రరహిత వాహనము. నైరాశ్యమునకు పరాకాష్ఠ’ అని రాసి, దాన్ని చిత్రాల లెక్కలోంచే తీసేశారు. అతను ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే, సన్యాసమ్మ చేట పక్కన పెట్టి అంతా వింది.

“పసుపు రాసీ మావా. పెళ్లికూతురికి రాత్తే సుబం. టైరుకి రాత్తే తప్పేటి?”

మర్నాడు బస్సుకు పసుపు టైర్లు వచ్చాయి. రెండు శాతం. ఆ రెండూ వైపరువి. విద్యానాథం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బొమ్మను నోటీసు బోర్డుకు అంటించి, ఫొటో తీసి పెద్దాఫీసుకు పంపారు.

ఆ వారంలోనే గురువులు ఇంకో బొమ్మ కూడా వేశాడు. అది డిపోలో కాదు, ఇంట్లో. మధ్యాహ్నం సన్యాసమ్మ బియ్యం ఏరుతుండగా, పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, పొయ్యిలోని బొగ్గుముక్కతో మొదలుపెట్టాడు. ఎందుకు మొదలుపెట్టాడో అతనికీ తెలియదు. కల్వర్టు వేశాడు. అద్దంలో కనపడిన కూర్మమ్మ మొహం వేశాడు, నోరు తెరిచి ఉన్న మొహం. చేతులు మసి అయ్యేదాకా గీశాడు. పూర్తయ్యేసరికి చాలాసేపటి నుంచి కాలు కదలకుండా ఉందని గమనించాడు.

సన్యాసమ్మ చూసింది. “సేపల కూర్మమ్మని అచ్చం దించీసినావు. ఇది సూపించు ఆ గళ్లకాయితం బాబుకి.”

“ఇదంతా నలుపేనే. ఇది సూపిత్తే నన్ను మళ్లీ మొదట్నించీ ఎయ్యమంతారు.”

ఆ కాగితాన్ని ఆమె మడత పెట్టకుండా, పరుపు కింద చదునుగా దాచింది.

*

నోటీసు బోర్డు మీది బస్సును హెడ్ మెకానిక్ దాలినాయుడు ఒక ఉదయం పది నిమిషాలు చూశాడు. తర్వాత గ్యారేజీకి వెళ్లి అదే నంబరు బండి టైర్లు చూశాడు. వచ్చి మళ్లీ బొమ్మ చూశాడు.

“ఒరే గురువులూ, వైపరు ఇరిగింది ఇరిగినట్టే ఏసినావు. నంబరు ఏసినావు. నువ్వు లేంది ఎయ్యవు. అలాటోడివి పసుపు టైర్లేసినావంటే, మొన్న నాను బిగించినవి ఏ రంగువి?”

“నల్లవేరా బావా. నా బొమ్మకేటి గాని నీ పని నువ్వు సూసుకో.”

కాని దాలినాయుడు మనసులో పురుగు దూరింది. అరగంటకోసారి వెళ్లి టైర్లు చూసి రావడం మొదలుపెట్టాడు. ఇది విద్యానాథం గారి కంటపడింది. ఒకరి గాయాన్ని చూసి ఇంకొకరు గాయపడటమనేది శిక్షణలో రెండో రోజు మధ్యాహ్నం చెప్పారు. దాలినాయుడికీ కుంచె ఇచ్చారు.

ఈలోగా పెద్దాఫీసు వాళ్లు ఫొటో చూశారు. అక్కడ అందరూ తెలివైనవాళ్లే కాబట్టి, ఎవరికో రావలసిన అనుమానం రానే వచ్చింది. టైర్లు పసుపైనందువల్ల డ్రైవరుకు నయమైంది సరే, అతను రేపు డ్యూటీకి వచ్చి నిజం టైరు నల్లగా ఉండటం చూస్తే జబ్బు తిరగబెట్టదా? దానికి జవాబుగా రెండో సర్క్యులరు వచ్చింది. ‘స్వస్థతకు భంగము కలిగించు నలుపు వర్ణమును డిపో ఆవరణయందు తక్షణమే నిర్మూలించవలెను.’

గొడుగులు గేటు బయట పెట్టించారు. కండక్టర్ల సంచులకు గులాబీ రంగు గుడ్డ తొడిగారు. గేటు దగ్గర పడుకునే నల్ల కుక్కను ఎంత తోలినా పోకపోతే, దర్జీ చేత ఆకుపచ్చ చొక్కా కుట్టించి తొడిగారు. చలి మొదలయ్యే రోజులు కావడంతో అది చొక్కా విప్పనివ్వలేదు. సోమయాజులు గారు జుట్టుకు రంగు వేసుకోవడం మానెయ్యవలసి వచ్చింది. తెల్లజుట్టుతో వచ్చిన మేనేజరును గేటు దగ్గర వాచ్‌మను ఆపి, పింఛను కాగితాలకైతే సోమవారం రమ్మన్నాడు. ఆయన భార్య మాత్రం, “ఇన్నేళ్లకు మీ మొహం మీకొచ్చింది,” అని మురిసిపోయిందట.

టైర్లన్నిటికీ పసుపు రంగు కొట్టారు.

రంగు కొట్టిన టైరు మంచు తడిలో జారుతుంది. తొలివారంలోనే ఒక బస్సు డిపో గేటును ఒరుసుకుంది. ఇంకోటి టీకొట్టు బెంచీని అడుగు దూరం నెట్టింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు టీ ఒలకకుండా అలాగే జరిగారు గాని, ప్రమాదానుభవం ప్రమాదానుభవమే. ఇద్దరు డ్రైవర్లూ కేంద్రంలో చేరారు. మరుసటి వారం తొమ్మిదిమంది. ఆ పై వారం పద్నాలుగు. గది చాలక గ్యారేజీలో పరదాలు కట్టి బొమ్మలు వేయించారు.

*

మధ్యలో, గెడ్డలో పడిన బస్సు ప్రయాణికుల సంగతి ఎవరో లేవదీశారు. వాళ్లకూ ప్రమాదానుభవం ఉన్నదే కదా. నోటీసులు వెళ్లాయి. నలభై మూడుమందిలో ఒక్క కూర్మమ్మ వచ్చింది, అదీ గంప నెత్తిన పెట్టుకుని. బస్సు మళ్లీ వేస్తామని పిలిచారనుకుంది.

గురువులు మూలన కూర్చుని తొమ్మిదో బొమ్మకు పసుపు టైర్ల బస్సు వేస్తున్నాడు. ఆమెను చూసి తల దించేశాడు.

“డైవరు బాబూ, ఏటలాగ తల దించుకుంతావు? నీ పిల్లనడగడానికొచ్చానేటి?”

“సెయ్యెలాగుందప్పా?” అన్నాడు, అక్కను పలకరించినట్టు.

“సెయ్యికేటి, అతుక్కుంది. నా ప్రాణాన్ని ఆటోవోళ్లే తీస్తన్నారు. గంప సూడగానే ‘వాసన, దిగు దిగు’ అంతారు. నీ బండిలో ఇన్నేళ్లు ఎక్కినాను, ఒక్కరు ముక్కు మూసుకోనేదు.”

“మూసుకున్నారప్పా. నాను అద్దంలో సూసేవోణ్ణి.”

ఆమె నవ్వింది. గంప దించుకుని పక్కనే కూలబడింది. “మరి బండెప్పుడు తెస్తావు?”

“నయమయ్యాక.”

“ఏటి నయమవ్వాలి?”

గురువులు ఇటూ అటూ చూసి, తన కుడికాలు చూపించాడు. “కల్వర్టు తలపుకొత్తే ఇది నా మాట ఇనదు.”

కూర్మమ్మ ఆ కాలిని, బేరానికి వచ్చిన చేపను చూసినట్టు, నిదానంగా చూసింది. “నా సెయ్యీ అంతే. బస్సు సప్పుడైతే సాలు, దేన్నో ఒకదాన్ని గట్టిగా అట్టుకుంతాది. అలగని గంప మానేసి ఇంట్లో కూకుంతానా?”

విద్యానాథం గారు వచ్చి ఆమె ముందు కాగితం పరిచారు. ఆమె కుంచె ముట్టుకోకుండా వేలితోనే అరనిమిషంలో నాలుగు చేపలు వేసి పడేసింది. ఆయన గళ్లు లెక్కపెట్టి, “నలభై ఒక్క శాతము. తల్లీ, ఈ మత్స్యములు ఇంత నల్లగా ఎందుకున్నవి?” అన్నారు.

“ఎండుసేప తెల్లగుంటే కొనకు బాబూ. ఉప్పు దిట్టంగా పులిమేసుంటారు.”

ఆమె గంపెత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

*

కార్తీకం వెళ్లేసరికి డిపోలోని అరవై ఒక్కమంది డ్రైవర్లూ చికిత్సలో ఉన్నారు. బస్సులన్నీ పసుపు టైర్లతో వరసగా నిలబడ్డాయి. ఊళ్లవాళ్లు ఆటోల్లో వేలాడుతూ పోతున్నారు. సోమయాజులు గారు భయం భయంగా నెలవారీ నివేదిక పంపారు. దాన్ని చూసిన పెద్దాఫీసు సంతోషానికి అంతు లేదు. బొండపాలెం డిపోలో ఆ నెల ప్రమాదాలు: శూన్యం. సంస్థ పుట్టాక ఏ డిపోకూ దక్కని ఘనత అది. ఉత్తమ డిపో బహుమతి ప్రకటించి, పట్నంలో ప్రదర్శనకు మొత్తం చిత్రాలు పంపమన్నారు. మిగతా డిపోలకు ఈ పద్ధతినే అనుసరించమని ఆదేశాలిచ్చారు. వాళ్లు అప్పటికే అనుసరించారు.

లెక్కలోంచి తీసేసినవాటితో కలిపి ఎనిమిది వందల పన్నెండు చిత్రాలు సంస్థ వాహనంలోనే పట్నం చేరాలి. వాహనం ఉంది. నడిపేవాడే లేడు. చుట్టుపక్కల మూడు డిపోలకు ఫోన్లు చేశారు. అక్కడివాళ్లూ బొమ్మలు వేసుకుంటున్నారు.

గురువులుకు పదకొండు బొమ్మలు అయ్యాయి. పన్నెండోది మిగిలింది. ఉద్యోగం తొమ్మిది రోజులు మిగిలింది. ఆఖరి బొమ్మ అయ్యాక ఫైలు పెద్దాఫీసుకు వెళ్లి రావడానికి నెల పడుతుందని గుమాస్తా చెప్పాడు. ఆ మాట విని అతను మేనేజరు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. విద్యానాథం గారు అక్కడే ఉన్నారు.

సోమయాజులు గారు బల్ల మీది కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. తర్వాత సర్క్యులరు పైకి తీసి, ఏదో దుమ్ము దులుపుతున్నట్టు గురువులు వైపు జరిపారు. ఒక వాక్యం కింద ఆయన చూపుడువేలు ఆగింది. ‘పన్నెండవ కృతికి మాధ్యమము కళాకారుని ఇచ్ఛానుసారము. (మట్టి, గుడ్డ, ఇసుక మున్నగునవి.)’

గురువులు కూడబలుక్కుని చదివాడు. రెండోసారి చదివాడు.

“నా మాద్దెమం బస్సు బాబూ,” అన్నాడు.

విద్యానాథం గారు తలెత్తారు. “బస్సుతో ఏమి చిత్రింతువు?”

“ఒక గీత గీత్తాను బాబూ. ఇక్కణ్ణించి పట్నం దాకా.”

విద్యానాథం గారు మెల్లగా లేచి నిలబడ్డారు. “గతిశీల కళ,” అన్నారు. శిక్షణలో మూడో రోజు ఆ మాట వచ్చింది గాని, అప్పుడు భోజనాల వేళ కావడంతో వివరించలేదు.

“మరి స్టీరింగును స్పృశించరాదని కదండీ,” అన్నారు సోమయాజులు గారు, ఫైలుకు ఒక ఆధారం ఉండాలి కాబట్టి.

“అది స్టీరింగు కాదు. కుంచె.”

*

మర్నాడు తొలి బస్సు వేళకు బొమ్మలు ఎక్కించారు. టైర్ల మీది పసుపు అప్పటికి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. దాలినాయుడు చుట్టూ తిరిగి ఆరూ తడిమి చూసి, “నల్లవేరా,” అన్నాడు, కాశీకి పోయొచ్చినంత నిబ్బరంగా. విద్యానాథం గారు డ్రైవరు పక్కన నిలబడి, గళ్ల కాగితాన్ని ముందు అద్దానికి అడ్డంగా పట్టుకున్నారు. కృతి ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి, కిలోమీటరుకు ఒకసారి గళ్లు లెక్కపెట్టి సగటు తీయాలని ఆయన నిశ్చయం.

ఊరు దాటేదాకా గురువులు బాగానే నడిపాడు. మలుపు తిరగగానే నక్కలగెడ్డ కనపడింది. కాలు దానంతట అదే దిగిపోయింది. బస్సు కల్వర్టుకు ఇరవై గజాల ఇవతల ఆగి నిలబడింది.

“ఏమిటీ విరామము?” అన్నారు విద్యానాథం గారు.

గురువులు రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాడు. కాలును పైకి లాగుతున్నాడు. అది రావడం లేదు.

అక్కడే ఆటో కోసం చూస్తున్న కూర్మమ్మ, బస్సు తనకోసమే ఆగిందనుకుని గంపతో సహా ఎక్కేసింది.

“అమ్మా, ఇది బస్సు కాదు. కళాకృతి. ప్రయాణికులకు ప్రవేశము లేదు.”

“కావొచ్చు బాబూ. నాను ముందు సీట్లో కూకుంతాను.” ముందు సీట్లోని బొమ్మల దొంతరను పక్కకు జరిపి కూర్చుంది. కూర్చున్నాక ఎదురుగా ఏమున్నదీ చూసింది. ఎడమ చెయ్యి వెళ్లి కడ్డీని పట్టుకుంది.

గురువులు అద్దంలో ఆమె చెయ్యి చూశాడు. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. తన కాలికీ ఆ చేతికీ పుట్టిన భయం ఒకటే. ఇన్ని నెలలూ తన వల్ల దెబ్బ తిన్న మనిషిగానే ఆమెను తలుచుకున్నాడు గాని, తనతో పాటు పడిన మనిషని తలుచుకోలేదు.

“దిగిపోతావేటప్పా?”

“దిగితే నడిసెల్లాల. నువ్వు దిగిపోతావా?”

“నాను దిగితే బండెవరు తోల్తారు?”

“అయితే ఎళ్లు. నాను అట్టుకునే ఉన్నాను.”

కాలు మెల్లగా పైకి వచ్చింది. మొదటి గేరు. బస్సు నత్తలా కదిలింది. కల్వర్టు పద్దెనిమిది అడుగులుంటుంది, అంతే. కింద గెడ్డలో కొంగ ఒకటి తన పని తాను చూసుకుంటోంది. ముందు చక్రాలు ఎక్కాయి, వెనక చక్రాలు ఎక్కాయి, ముందువి దిగాయి, వెనకవి దిగాయి.

“దాటేసినామేటి?” అంది కూర్మమ్మ.

“దాటేసినాం.”

“ఇంతేనేటి,” అని ఆమె కడ్డీ వదిలి, చెంగుతో మొహం తుడుచుకుంది. గురువులు కూడా తుడుచుకోవలసి వచ్చింది. రెండో గేరు వేశాడు, మూడో గేరు వేశాడు. తర్వాతి ఊళ్లో జనం చెయ్యెత్తితే అలవాటు కొద్దీ ఆపాడు. విద్యానాథం గారు గళ్ల లెక్కలో తలమునకలై ఉండి అడ్డు చెప్పలేదు. పట్నం చేరేసరికి నలభైమంది ఎక్కి ఉన్నారు. అందరి ఒళ్లోనూ బొమ్మలే. ఒక ముసలాయన ఎండ తగలకుండా పసుపు టైర్ల బస్సు ఒకటి మొహం మీద కప్పుకుని నిద్రపోయాడు.

దిగాక విద్యానాథం గారు సగటు తీశారు. ఆయన మొహం వాడిపోయింది. దారి పొడుగునా తారు రోడ్డే. “అరవై నాలుగు శాతము,” అన్నారు. “గురువులూ, నీకు స్వస్థత సిద్ధించలేదు. ఇంత నలుపు నా అనుభవమున చూడలేదు.” ఆ మాట ఆయన నిజంగా బాధపడుతూనే అన్నారు.

“అయితే ఇప్పుడేటి సెయ్యాల బాబూ?”

ఆయన సర్క్యులరు తీసి చదివారు. “విఫలమైన కృతిని మరుసటి పనిదినమున, అదే వేళకు, అదే మాధ్యమమున, నలుపు సున్నాకు చేరు పర్యంతము పునఃపునః నిర్వర్తించవలెను.”

“అదే వేళకా బాబూ? తొలి బస్సు వేళకి?”

“ఒక్క నిమిషము తేడా రాకూడదు,” అన్నారు విద్యానాథం గారు. టైంటేబుళ్ల విభాగం ఆయనలోంచి ఇంకా పూర్తిగా పోలేదు.

మర్నాడు గురువులు మళ్లీ విఫలమయ్యాడు. ఆ మర్నాడు కూడా. రెండు గంపలతో వచ్చిన కూర్మమ్మను ఎక్కించుకుని మూడోనాడు విఫలమయ్యాడు. ఈ సంగతి గ్యారేజీలోని పరదాల వెనక్కి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అరవైమంది డ్రైవర్లూ తమ పన్నెండో కృతికి మాధ్యమం బస్సేనని రాసిచ్చారు. రంగు కొట్టిన టైరుతో గీత వంకర పోతుందని దాలినాయుడు కళాపరమైన అభ్యంతరం తెలిపితే, పసుపు గీకేయడానికి అనుమతి వచ్చింది.

గురువులు రిటైరైన రోజున దండ వేసి, శాలువా కప్పి, విద్యానాథం గారు మాట్లాడారు. ముప్పై ఒక్క సంవత్సరాలు సేవ చేసిన ఇంత మంచి మనిషిని తొమ్మిదిసార్లు ప్రయత్నించీ బాగుచెయ్యలేకపోయామని చెబుతూ కంటతడి పెట్టుకున్నారు. గురువులే ఆయనను ఓదార్చవలసి వచ్చింది.

బొండపాలెం డిపో నుంచి ఇప్పుడు బస్సులన్నీ వేళ తప్పకుండా నడుస్తున్నాయి. రికార్డుల ప్రకారం ఇంతవరకూ ఒక్కరికి కూడా నయం కాలేదు.